స్పానిష్ అభ్యాసం: ‘యా’ పట్టుబడుతోంది

ఈ నెలంతా కొత్త పదాల జోలికి పోకుండా ‘యా’ ఒక్కదాని మీదే కూర్చున్నాను. లాటిన్ ‘యమ్’ నుంచి వచ్చిన ఈ చిన్న పదం మాట్లాడే స్పానిష్‌లో అడుగడుగునా తగులుతుంది. పదాలు గుర్తుపెట్టుకోవడానికి రాసుకున్న నా పాత కార్డు మీద దీనికి ‘ఆల్రెడీ’ అని ఒకటే అర్థం ఉండేది. అది చాలా చోట్ల అతకదు. ఇప్పుడు ఇంగ్లిష్‌ను పక్కన పెట్టి నేరుగా తెలుగులోనే కార్డులు రాస్తున్నాను, పక్కనున్న క్రియ ఏ కాలంలో ఉందో చూసుకుంటూ.

క్రియ భూతకాలంలో ఉంటే పని పూర్తయిందని అర్థం. ‘యా కొమీ’ అంటే ‘తినేశాను’. మెక్సికోలో ఇలా అంటారు, స్పెయిన్‌లో ‘యా ఏ కొమీదో’ ఎక్కువ. భవిష్యత్తులో ఉంటే మన ‘లే’ భలే సరిపోతుంది: ‘యా బెరేమోస్’ అంటే ‘చూద్దాంలే’, ‘యా తె యమారే’ అంటే ‘నేనే ఫోన్ చేస్తాలే’. భరోసా ఇస్తూనే కాస్త వాయిదా వేసే ఆ ధోరణి రెండు భాషల్లోనూ ఉంది.

ఎవరైనా పిలిస్తే ‘వస్తున్నా’ అనడానికి ‘యా బోయ్’ అనాలి. ‘బోయ్’ అంటే నిజానికి ‘వెళ్తున్నా’. పిలిచినవాళ్ల దగ్గరికి కదిలేటప్పుడు స్పానిష్‌లో వాడేది ‘వెళ్లు’ క్రియే. ఇది మాత్రం తెలుగుకు ఎదురు, అందుకే గట్టిగా పలుకుతూ సాధన చేస్తున్నాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది ‘యా నో’. ‘యా నో త్రబాహో అకీ’ అంటే ‘నేనిక ఇక్కడ పనిచేయడం లేదు’. ‘తొదవీయా నో’ అంటే ‘ఇంకా లేదు’. అంటే ‘ఇక’, ‘ఇంకా’ల మధ్య మనకు పుట్టుకతో తెలిసిన తేడాయే ఇది! ‘యా బాస్తా’ కూడా అచ్చంగా ‘ఇక చాలు’. తెలుగువాళ్లు ఈ జంటను ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోవడం అనవసర శ్రమ అని నా గట్టి అభిప్రాయం.

‘యా కె’ కూడా కుదిరింది. ‘యా కె ఎస్తాస్ అకీ’ అంటే ‘ఎలాగూ ఇక్కడున్నావు కాబట్టి’.

కార్డుకు ఒక్క పూర్తి వాక్యమే రాస్తున్నాను, విడిపదం రాయడం లేదు. సందేహమొస్తే రాయల్ స్పానిష్ అకాడమీ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, అందులో ఉదాహరణలు చూస్తాను. వినడానికి స్పెయిన్ ప్రభుత్వ రేడియో పెట్టుకుని, ‘యా’ వినబడగానే ఆపి, వెనక్కి తిప్పి, ఆ వాక్యం నోట్‌బుక్‌లో రాసుకుంటాను. బ్యూనస్ ఐరిస్ వాళ్ల నోట ఇదే పదం ‘షా’ అని వినిపిస్తుంది, దానికి చెవి ఇంకా అలవాటు పడాలి. చిలీలో ‘సరే’ అనడానికి వాడే ‘యా’, ‘యా పో’ వచ్చే నెల మొదలుపెడతాను.