తగలబెట్టగా మిగిలిన ఒక్క కాపీ

అమెరికా పౌర హక్కుల చరిత్ర గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా తీర్పుల గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆ తీర్పుల వెనక కాగితాల మీదే దృష్టి. కోర్టు ముందుకి ఏది వచ్చింది, ఏది రానివ్వలేదు అన్నదాని మీదే ఒక్కోసారి లక్షమంది బతుకులు తేలిపోతాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌తో పోరు నడుస్తుండగా, 1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన 9066 నంబరు ఉత్తర్వు చదవండి, అందులో జపాన్ అన్న మాటే కనిపించదు. సైన్యం గీసిన ప్రాంతాల నుంచి ఎవరినైనా ఖాళీ చేయించవచ్చని ఉంటుంది, అంతే. తర్వాత వెస్ట్ కోస్ట్ వీధుల్లో అంటించిన నోటీసుల్లో మాత్రం అది జపనీస్ సంతతి వాళ్లందరికీ అని పెద్ద అక్షరాల్లో ఉంది. దాదాపు 1,20,000 మందిని ముళ్లకంచెల వెనక క్యాంపుల్లో పెట్టారు, మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. ఓక్లాండ్‌లో పుట్టిన ఫ్రెడ్ కొరెమాట్సు వెళ్లనన్నారు, అరెస్టయ్యారు, 1944లో సుప్రీంకోర్టులో 6-3తో ఓడిపోయారు. యుద్ధం మీద పడింది, ఎవరు నమ్మకస్తులో ఒక్కొక్కరినీ విచారించే టైం లేదన్నది ప్రభుత్వ వాదన.

ఐకో హెర్జిగ్-యోషినాగా హైస్కూల్లో ఉండగానే మంజనార్ క్యాంపుకి వెళ్లాల్సి వచ్చింది. దశాబ్దాల తర్వాత ఆవిడ వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో కూర్చుని ఆ కాలం ఫైళ్లన్నీ తిరగేశారు. 1982లో అక్కడ ఒక ఉద్యోగి బల్ల మీద, మార్జిన్లలో చేత్తో దిద్దిన ఒక రిపోర్టు కనబడింది. జపనీస్ వాళ్లని తరలించిన జనరల్ డెవిట్ 1943లో ఇచ్చిన నివేదిక అసలు ప్రతి అది! అందులో ఆయన రాసింది టైం లేదని కాదు, ఎంత టైం ఉన్నా వీళ్లలో ఎవరు మంచివాళ్లో తేల్చడం కుదరదని. అంటే కారణం జాతి. ఆ మాట కోర్టులో నిలబడదని వార్ డిపార్ట్‌మెంట్ దాన్ని మార్పించి, పాత కాపీలన్నీ తగలబెట్టించింది. కాల్చడం దగ్గరుండి చూశానని ఒక సైనికాధికారి సంతకం పెట్టిన మెమో కూడా దొరికింది. ఒక్క కాపీ మిగలడం, అది క్యాంపులో బతికిన మనిషి కంట పడడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

న్యాయశాఖలోనూ అంతే. జపనీస్ వాళ్లలో ఎక్కువమంది వల్ల ముప్పు లేదన్న నేవీ ఇంటెలిజెన్స్ రిపోర్టుని దాస్తే సాక్ష్యాన్ని తొక్కిపెట్టినట్టే అవుతుందని ఎడ్వర్డ్ ఎన్నిస్ అనే లాయర్ పైవాళ్లకి రాతపూర్వకంగా హెచ్చరించారు, వినలేదు.

ఈ కాగితాలతోనే 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి మెరిలిన్ హాల్ పటేల్ కొరెమాట్సు శిక్షని కొట్టేశారు. 1988 చట్టం బతికున్న బాధితులకి తలా 20,000 డాలర్లూ, క్షమాపణా ఇచ్చింది. కానీ జిల్లా కోర్టు సుప్రీంకోర్టు తీర్పుని కదపలేదు కదా, అది పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. చివరికి 2018లో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ ఆ తీర్పు ఇచ్చిన రోజునే తప్పని రాశారు, అదీ ఎక్కువగా ముస్లిం దేశాలవాళ్ల రాకని నిషేధించిన ట్రంప్ ఉత్తర్వుని సమర్థించిన తీర్పులో. అదే కేసులో విభేదించిన జస్టిస్ సోటోమేయర్, ఈ తీర్పు నడిచింది కూడా ఆ పాత ప్రమాదకరమైన తర్కం మీదే అని రాశారు. రెండూ వరసగా చదివితే నాకు ఆవిడ మాటే నిజమనిపించింది.