వృద్ధాశ్రమంలో వారానికో గంట కూర్చోవడానికి మేము పడ్డ పాట్లు

నిన్ననే అనుమతి వచ్చింది. కడుపులో మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది గౌతమి పాయ పక్కన ఊరు. మేడలున్నాయి, మనుషులు లేరు. పిల్లలు హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉంటారు. ఊరి చివర కాలువ గట్టు దాటితే ఒక ట్రస్టు నడిపే వృద్ధాశ్రమం ఉంది. ప్రతి బుధవారం మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి కాసేపు కూర్చుందామని మా డ్వాక్రా సంఘం ఆడవాళ్ళం అనుకున్నాం. మామ్మగార్లకు తల దువ్వడం, పేపరు చదివి వినిపించడం, కలిసి వత్తులు చేసుకోవడం, అంతే. ఒక్క సమావేశంలోనే అందరూ ఒప్పుకున్నారు.

ఆశ్రమం గేటు దగ్గర మొదటి ప్రశ్న, "పళ్ళు తెచ్చారా అమ్మా?" పుట్టినరోజులకు వచ్చేవాళ్ళు వరండాలో అరటిపళ్ళు పంచి, ఫోటో దిగి, పావుగంటలో వెళ్ళిపోతారు. వాళ్ళకు ఏ కాగితమూ అక్కర్లేదు. మేము ఉత్త చేతులతో వెళ్ళి, ప్రతి వారం వస్తామనేసరికి మేనేజరుకు అనుమానం వచ్చింది. "రేపు ఎవరిదైనా గొలుసు పోతే ఎవరిది పూచీ? ఆఫీసు నుంచి కాగితం తెండి" అన్నాడు. కొత్తవాళ్ళ విషయంలో జాగ్రత్త పడడం ఆయన ధర్మమే, అందుకు నేను తప్పు పట్టను.

ఆఫీసులో జరిగింది మాత్రం చచ్చేదాకా మరచిపోను. గుమస్తా మా అర్జీ చదవకుండానే, "లోపల మీవాళ్ళెవరున్నారు?" అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. "మీవాళ్ళు కాకపోతే మీకేం పని? ఆ ముసలాళ్ళ పేరున పొలాలేమైనా ఉన్నాయా?" అన్నాడు. వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. నాతో వచ్చిన మా సంఘం కోశాధికారి, ముగ్గురు పిల్లల తల్లి, అక్కడే ఏడ్చేసింది. నాకు నోట మాట రాలేదు. మా సంఘం ఇన్నేళ్ళలో ఒక్క బ్యాంకు వాయిదా తప్పలేదు. మా సంతకాలు చూసి లక్షల అప్పు ఇచ్చిన బ్యాంకువాళ్ళు కూడా మమ్మల్ని ఎన్నడూ దొంగల్లా చూడలేదు. ఆ తర్వాత అతను, "సొసైటీ రిజిస్ట్రేషన్ ఉందా? లేకపోతే చేయించుకుని రండి" అని అర్జీ వెనక్కి తోశాడు.

చేయించుకోవచ్చు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే చాలు. కానీ పక్కవీధి మామ్మగారి దగ్గర కూర్చోవడానికి రిజిస్ట్రేషన్ ఎందుకు? ఆ రాత్రి పట్టుదలకొద్దీ 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం తెప్పించి చదివాను. జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు ఉండాలని రాసి ఉంది. పెద్దలను వదిలేసేవాళ్ళకు మూడు నెలల దాకా జైలు లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ అని ఉంది. ఇరుగుపొరుగు వచ్చి పలకరించడానికి ఫలానా ఆఫీసు అనుమతి కావాలని మాత్రం అందులో ఎక్కడా కనబడలేదు. మంచాలు ఎన్ని ఉండాలో లెక్క కట్టిన దేశంలో ఆ మంచం పక్కన కూర్చునే మనిషిని దొంగగా చూడడం అన్యాయం. ఈ మాట ఎవరికి కోపం వచ్చినా అంటాను.

దారి చూపింది లోపలివాళ్ళే. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా కరణంగా చేసిన తాతగారు ఒకరు అక్కడ ఉంటారు. గేటు దగ్గర మా గొడవ విని, "అమ్మాయీ, మమ్మల్ని ఎవరైనా అడిగారా?" అన్నారు. నిజమే, మేనేజరు గానీ గుమస్తా గానీ వాళ్ళను ఒక్క మాట అడగలేదు. ఆయనే తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాశారు. ఈ ఆడవాళ్ళు రావడం మాకు ఇష్టమని, మా అతిథులను కాదనే హక్కు ఎవరికీ లేదని. సంతకం చేయగలిగినవాళ్ళు చేశారు, మిగిలినవాళ్ళు వేలిముద్రలు వేశారు. దాన్ని సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. నకలు ట్రస్టు పెద్దలకు పంపాం. ఇక మాట్లాడడానికి వాళ్ళకేమీ మిగల్లేదు.

మీ ఊళ్ళో ఇలాంటి పని తలపెడితే ముందు లోపలివాళ్ళ సంతకాలు తీసుకోండి. అర్జీ రెండు ప్రతులు పట్టుకెళ్ళి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటకు విలువ లేదు. లోపల ఎవరినైనా హింసిస్తున్నారని తెలిస్తే 14567కు ఫోను చేయండి, అది వయోవృద్ధుల సహాయ నంబరు.

రిజిస్టరులో పేర్లు, ఆధార్ నకళ్ళు, సాయంత్రం అయిదింటికల్లా బయటికి రావడం, ఇవీ ట్రస్టు పెట్టిన షరతులు. ఫోటోలు తీయకూడదన్నది మా షరతు. మొదటి బుధవారం పింఛన్ల సంగతి చూడాలి. కొందరి పేర్లు ఇంకా పాత ఊరి సచివాలయంలోనే ఉన్నాయి, నెల మొదటి తేదీన ఆ నాలుగు వేలు అందుకోవాలంటే అంత దూరం వెళ్ళాల్సి వస్తోంది. ఇక మామ్మగార్లందరూ కోరుతున్నది ఆవ పెట్టిన పనసపొట్టు కూర. వాళ్ళ చేతుల్తో వాళ్ళే వండుకుంటారట. వంటగదిలోకి రానివ్వడం కుదరదని మేనేజరు అంటున్నాడు. కరణం గారు దానికీ అర్జీ రాస్తున్నారు.