కణంలోకి వెళ్లిన వైరస్ ఏమైపోతుంది?

వైరస్ గురించి మాట వస్తే చాలామంది, బాగా చదువుకున్నవాళ్లు కూడా, "లోపలికి దూరి పిల్లల్ని పెట్టేస్తుంది" అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకటి లోపలికి వెళ్తుంది, రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, చివరికి కణం నిండి పగిలిపోతుంది అని. బ్యాక్టీరియా అలాగే పెరుగుతుంది కాబట్టి ఇదీ అంతే అనుకున్నా. అది తప్పని తెలిసిన రోజే ఈ విషయం మీద నాకు అసలైన ఇష్టం మొదలైంది.

ఒక ప్రయోగం చెప్తాను. బ్యాక్టీరియాకు పట్టే వైరస్‌లను ఫేజ్‌లంటారు. టీ4 అనే ఫేజ్‌ను ఈ. కొలై బ్యాక్టీరియాతో కలిపి, కొన్ని నిమిషాలకోసారి కొంచెం ద్రవం తీసి, అందులోని బ్యాక్టీరియాను ముందే బలవంతంగా పగలగొట్టి, లోపల ఎన్ని ఫేజ్‌లున్నాయో లెక్కపెట్టాలి. లెక్క ఎలాగంటే, ఆ ద్రవాన్ని బ్యాక్టీరియా పొరలా పెరిగిన పళ్లెంలో వేస్తే ఒక్కో ఫేజ్ ఉన్నచోట ఒక్కో గుండ్రటి ఖాళీ మచ్చ ఏర్పడుతుంది, ఆ మచ్చల్ని లెక్కపెడితే చాలు. డోర్మన్ అనే శాస్త్రవేత్త చేసింది ఇదే. లోపలికి ఒక ఫేజ్ వెళ్లింది కదా, కనీసం ఆ ఒక్కటైనా దొరకాలి. దొరకదు. 37 డిగ్రీల వేడి దగ్గర దాదాపు 12 నిమిషాల దాకా ఎన్నిసార్లు చూసినా సున్నానే. తర్వాత ఉన్నట్టుండి కనిపించడం మొదలై, అరగంట తిరిగేలోపే కణం పగిలి వంద, కొన్నిసార్లు అంతకు మించి బయటికొస్తాయి. మధ్యలో ఏమీ దొరకని ఆ కాసేపటికి ఎక్లిప్స్ అని పేరు పెట్టారు, అంటే గ్రహణం. ఇంతకన్నా సరైన పేరు దొరకదనిపిస్తుంది నాకు.

మరి లోపలికి వెళ్లింది ఏమైనట్టు? విడిపోయింది. వైరస్ నిర్మాణం అర్థం కావాలంటే ఈ మాట దగ్గర ఆగాలి. మధ్యలో జన్యుపదార్థం ఉంటుంది, డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ. దాని చుట్టూ ప్రోటీన్ తొడుగు ఉంటుంది, దాన్నే క్యాప్సిడ్ అంటారు. ఫ్లూ, హెచ్ఐవీ లాంటి వాటికి దాని పైన ఇంకో కొవ్వు పొర కూడా ఉంటుంది, అది అవి పుట్టిన కణం నుంచే చింపి తెచ్చుకున్నది. ఈ తొడుగు బయట గట్టిగా ఉండాలి, సరైన కణం తగలగానే విప్పుకోవాలి. రెండూ ఒకే వస్తువు చేయాలి.

1952లో హెర్షీ, చేజ్ చేసిన ప్రయోగం ఈ విడిపోవడాన్ని కళ్లకు కట్టింది. ఫేజ్ ప్రోటీన్‌కు రేడియోధార్మిక గంధకంతో, డీఎన్ఏకు రేడియోధార్మిక భాస్వరంతో గుర్తు పెట్టి, బ్యాక్టీరియాకు అంటుకోనిచ్చి, వంటింట్లో వాడేలాంటి బ్లెండర్‌లో వేసి తిప్పారు. బయట అంటుకున్న ఖాళీ తొడుగులు చాలావరకు ఊడిపోయాయి, గంధకం వాటితోనే పోయింది. భాస్వరం మాత్రం చాలావరకు కణాల లోపలే ఉంది. తొడుగులు ఊడిపోయిన ఆ బ్యాక్టీరియా నుంచే మళ్లీ కొత్త ఫేజ్‌లు వచ్చాయి. అంటే లోపలికి వెళ్లి పని చేసింది డీఎన్ఏ, తొడుగు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. అన్ని వైరస్‌లూ తొడుగును బయటే వదలవు, మనకు పట్టే చాలావాటిది లోపలికి వెళ్లాక విడిపోతుంది, కానీ విడిపోవడం మాత్రం తప్పదు.

ఆ తర్వాత పనంతా కణానిదే. ప్రోటీన్ తయారు చేసే రైబోజోములు కణానివి, ముడిసరుకు కణానిది, శక్తి కణానిది. పోలియో వైరస్ ఆర్ఎన్ఏ సుమారు 7,500 అక్షరాలు, రైబోజోమ్ దాన్ని తన సొంత సందేశం అనుకుని నేరుగా చదివేస్తుంది, ఒకే పొడవాటి ప్రోటీన్ వస్తుంది, తర్వాత అది ముక్కలై ఒక్కో ముక్కా ఒక్కో పని అందుకుంటుంది. ఫ్లూది అలా నేరుగా చదవడానికి కుదరని ఆర్ఎన్ఏ, దాని నకలు తీసే ఎంజైమ్ మన కణాల్లో ఉండదు, అందుకే వెంట తెచ్చుకుంటుంది. హెచ్ఐవీ అయితే ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏ రాయించి మన క్రోమోజోముల్లోనే కుట్టేసుకుంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం మాత్రం కూర్పు. టీ4కి తల ఒకచోట, తోక ఒకచోట, కాళ్లలాంటి పోగులు ఇంకోచోట విడివిడిగా తయారవుతాయి. ఖాళీ తలలోకి డీఎన్ఏను కూరాలి. తల పొడవు సుమారు 120 నానోమీటర్లు, ఆ డీఎన్ఏను సాగదీస్తే దానికి నాలుగు వందల రెట్లకు పైనే ఉంటుంది, ఎంత ఒత్తిడితో కూరాలో ఊహించండి. తలకు తోక అతికాకే కాళ్లు వచ్చి చేరతాయి, ముందు చేరవు. 1960లలో ఎడ్గర్, వుడ్ ఇలాంటి భాగాలను పరీక్షనాళికలోనే కలిపి చూశారు. తలలు తయారు చేయలేని ఫేజ్ పట్టిన కణాల రసాన్నీ, తలలు మాత్రం బాగానే తయారు చేసే ఇంకోదాని రసాన్నీ కలిపితే, బ్యాక్టీరియాకు సోకగలిగే పూర్తి ఫేజ్‌లు వచ్చాయి. దగ్గర కణమే లేదు. విడిభాగాలు వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఈ సంగతి తెలిస్తే యాంటీబయాటిక్స్ వైరస్ మీద ఎందుకు పనిచేయవో ఎవరూ చెప్పక్కర్లేదు. అవి ఎక్కువగా కొట్టేది బ్యాక్టీరియా గోడల్నీ, బ్యాక్టీరియా రైబోజోముల్నీ. వైరస్‌కు గోడా లేదు, రైబోజోమూ లేదు, అది వాడుకునేది మనవే. కాబట్టి వైరస్‌కు మాత్రమే సొంతమైన పని ఎక్కడుందో వెతికి అక్కడే అడ్డుపడాలి. ఫ్లూలో అలాంటిది చివరి మెట్టు దగ్గర దొరికింది. కొత్త ఫ్లూ వైరస్ కణం ఉపరితలం నుంచి బయటికొస్తూ అదే కణం మీదున్న సియాలిక్ ఆమ్లం అనే చక్కెర అణువుకు అంటుకుపోతుంది, ఎందుకంటే లోపలికి రావడానికి అది పట్టుకున్న పిడీ అదే. ఆ పట్టును కత్తిరించుకోవడానికి న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఒసెల్టమివిర్ మందు ఆ కత్తెరలో ఇరుక్కుంటుంది, దాంతో తయారైన వైరస్‌లు కదల్లేక కణం అంచునే గుంపులుగా ఉండిపోతాయి. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు దాన్ని మొదలుపెట్టమనేది ఇందుకే, అప్పటికే బయటపడి పక్క కణాలకు వెళ్లినవాటిని అది వెనక్కి తేలేదు.