ఎన్‌క్లెక్స్‌కు ముందు కేర్ ప్లాన్ రికార్డు తీయండి

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ రాయాలనుకునే జూనియర్లు ముందుగా అడిగేది, "ఏ పుస్తకం కొనాలక్కా?" అని. పుస్తకం సంగతి తర్వాత. మన కాలేజీలో వార్డు పోస్టింగులప్పుడు గళ్లు గీసి, మేడమ్ దిద్దితే మళ్లీ రాసిన కేర్ ప్లాన్ రికార్డు (రోగిలో గమనించినవి, సమస్య, చేసే పని, ఫలితం వరుసగా రాసేది) ముందు బయటికి తీయండి. 2023 ఏప్రిల్‌లో పరీక్ష మారింది. ఇప్పుడు ఒక రోగి కేసు ఇచ్చి వరుసగా ఆరు ప్రశ్నలు వేస్తారు: ఏ లక్షణాలు ముఖ్యం, వాటి అర్థమేమిటి, ఏ సమస్య ముందు, ఏమేం చేయవచ్చు, ఏం చేస్తారు, ఫలితం కనిపించిందా. మార్కులు లెక్కించే కేసులు మూడు. సీనియర్ల రికార్డు చూసి ఎక్కించినవాళ్లు ఇక్కడే తడబడతారు.

మనవాళ్లు తరచూ తప్పు పెట్టే జవాబు "డాక్టరుకు తెలియజేయాలి". రక్తం ఎక్కుతుండగా రోగికి చలి, నడుంనొప్పి మొదలైతే మొదటి పని ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపడం. తర్వాత కొత్త ట్యూబింగ్‌తో నార్మల్ సెలైన్ పెట్టి నరంలోని లైన్ మూసుకుపోకుండా కాపాడాలి, వైటల్స్ (నాడి, బీపీ, జ్వరం, శ్వాస) చూడాలి, డాక్టరుకూ బ్లడ్ బ్యాంకుకూ చెప్పాలి. ప్రమాదం స్పష్టంగా తెలిసిన చోట చర్య ముందు. ఇంకా తేలని చోట అసెస్‌మెంట్, అంటే రోగిని పరిశీలించడం ముందు. ప్రతి ప్రాక్టీసు ప్రశ్నకూ ఈ తేడా పట్టుకోండి. తప్పయిన జవాబు ఎందుకు తప్పో ఒక వాక్యం రాసుకోండి.

మందుల పేర్లకు వేరే కాగితం పెట్టుకోండి. మన పారాసెటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. మందు బాగా తెలిసి కూడా పేరు దగ్గర ప్రశ్న పోగొట్టుకోవడం అన్యాయం.

మందు మోతాదు లెక్కల్లో తప్పు ఎక్కువగా మధ్యలోనే దశాంశాలను రౌండ్ చేయడం వల్ల వస్తుంది. 1000 ఎంఎల్ 8 గంటల్లో, డ్రాప్ ఫ్యాక్టర్ (ఒక ఎంఎల్‌కు పడే చుక్కలు) 15 అయితే: 1000ని 15తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే 31.25, అంటే నిమిషానికి 31 చుక్కలు. రౌండ్ చేయడం చివర్లోనే. బరువు పౌండ్లలో ఇస్తే ముందు 2.2తో భాగించి కిలోల్లోకి మార్చాలి.

"వర్తించేవన్నీ ఎంచుకోండి" ప్రశ్నల్లో సరైనదానికి ఒక మార్కు కలుస్తుంది, తప్పుదానికి ఒకటి పోతుంది. సున్నా కంటే కిందికి మాత్రం పోదు. కాబట్టి ఊహించి అన్నీ నొక్కకండి. వెనక్కి వెళ్లి జవాబు మార్చే వీలు కూడా లేదు. ప్రశ్నలు 85 నుంచి 150 వరకు, సమయం 5 గంటలు. 85 దగ్గర ఆగితే ఫెయిలనీ కాదు, పాసనీ కాదు. అప్పటికి కంప్యూటరు ఏదో ఒకటి తేల్చుకుందంతే. ప్రశ్నలు కష్టమవుతున్నాయని బెదరకండి. మీ సామర్థ్యాన్ని బట్టే అవి వస్తుంటాయి.

ఇక మన తెలుగువాళ్లకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. సర్టిఫికెట్లలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉంటుంది. దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. పరీక్ష అనుమతి పత్రంలో పేరు తేడాగా వస్తే పరీక్ష తేదీకి ముందే సరిచేయించుకోండి. సెంటరులో పేరు కలవకపోతే లోపలికి పంపరు. అమెరికా బయట రాసేవాళ్లు కట్టే 200 డాలర్ల ఫీజు, దానిపై 150 డాలర్ల అదనపు ఫీజు కూడా తిరిగి రావు.