ఎనిమిది గంటల ఫోను

పదకొండు దాటింది. ఈ మాట రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం అమ్మ గుంటూరు నుంచి ఫోను చేసింది. ఫోను ముట్టకూడదనుకుని మేమిద్దరం చేసొచ్చిన ఓడ ప్రయాణం కబుర్లన్నీ విని, "నువ్వు ఫోను ఇంట్లో పెట్టి పోయినా అల్లుడుగారు రెండు రాత్రులూ ఎనిమిదింటికి మాట్లాడారులే" అంది. నాకు ఒళ్లు మండింది. అనుకున్నదేమిటి? నా ఫోను బీరువాలో, టికెట్ల కోసం తెచ్చిన ఆయన ఫోను ఓడెక్కగానే పెట్టెలో.

అసలు ఆ ఓడలో ఫోను లేని మనిషిని మనిషిగా లెక్కవేయరు. భోజనానికి కూర్చుంటే ఏమేమి ఉన్నాయో రాసిన కాగితం ఉండదు, బల్ల మీద క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది. ఏ అంతస్తులో ఎన్నింటికి పాటలో తెలియాలన్నా అదే. కాగితం ఇవ్వు బాబూ అంటే, "సార్ దగ్గర ఫోను ఉంటుంది కదా మేడమ్" అన్నాడు ఆ కుర్రవాడు. అంత డబ్బు పోసి ఎక్కినవాళ్లకు ఒక కాగితం ఇవ్వలేరా? మర్నాడు పట్టుబట్టి తెప్పించుకున్నాను. మడిచి ఇంటిదాకా తెచ్చాను కూడా.

చెన్నై రేవు వదిలిన ఆ సాయంత్రం మాత్రం మరిచిపోలేను. ముందు ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో నేర్పారు: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. తర్వాత పైకి వెళ్లి కమ్మీ పట్టుకున్నాను. ఒడ్డు దీపాలు సన్నబడ్డాయి. చుట్టూ అందరూ ఫోన్లు పైకెత్తి తిప్పుతున్నారు, సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోతున్నాయి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండని ఎవరో హెచ్చరించారు. ఓడకు ఉపగ్రహంతో నడిచే సొంత టవరు ఉంటుందట, దానికి తగులుకుంటే రోమింగ్ బిల్లు తడిసి మోపెడవుతుంది. ముప్ఫై ఏళ్లుగా కృష్ణ ఒడ్డున కాపురం నాది. ఎంత వరద వచ్చినా బ్యారేజీ మీద నిలబడితే అవతలి గట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఎటు తిరిగినా గట్టు లేదు.

"చూడండి" అని పక్కకు తిరిగితే ఆయన లేరు. మంచినీళ్ల సీసా తెస్తానని వెళ్లి నలభై నిమిషాలకు వచ్చారు, అదీ సీసా లేకుండా. వరుస పెద్దదన్నారు. నీళ్లకు వరుసేమిటని అప్పుడు తట్టలేదు. వైఫై అమ్మే బల్ల ముందు నిలబడ్డారన్నమాట.

మోసం అని రాద్దామనే కూర్చున్నాను. కానీ అమ్మ చివర్లో ఇంకో మాట అంది. "పరగడుపున షుగరు 210 వచ్చిందని ఆయనకు చెప్పాను, నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ రాత్రి నేను పైన చుక్కలు చూస్తుంటే పక్కనే కూర్చున్నారు, ఆ సంగతి కడుపులో పెట్టుకుని. ఫోను లేకుండా హాయిగా తిరిగొచ్చానని నేను వారం రోజులుగా అందరికీ చెప్పుకుంటున్నాను. అమ్మ ఏకాదశి ఉపవాసం ఉన్ననాడు నాన్న వండి మాకు పెట్టేవారు. ఉపవాసం చేసింది మాత్రం అమ్మే అనేవాళ్లం.

అయినా నా తల్లి సంగతి నాకు దాచడమేమిటి? చెబితే నేను అక్కడ స్థిమితంగా కూర్చునేదాన్ని కాదు, నిజమే. అయినా చెప్పవలసింది.

హాల్లో ఇంకా దీపం వెలుగుతోంది. ఆయనను ఏమీ అడగలేదు. పొద్దున్నే గుంటూరు బస్సెక్కాలి. షుగరు చూసుకునే స్ట్రిప్పులు అయిపోయాయని కూడా అంది అమ్మ.