రాత్రి ఏమైంది?

"అదిగో టీచర్, వేరు కదులుతోంది!" అని ఒక పిల్లవాడు అరిచేసరికి ఆరో తరగతి అంతా ట్యాబ్ చుట్టూ మూగింది.

తడిగుడ్డ మీది పెసరగింజను మూడు రోజులు, బడి వేళల్లో పది నిమిషాలకొకసారి పిల్లలే వంతులవారీగా ఫొటో తీశారు. ఆ 108 ఫొటోలను స్టాప్ మోషన్ స్టూడియో యాప్‌లో సెకనుకు 12 చొప్పున నడిపించగా, పొట్టు చిట్లి తెల్లని వేరు వంపు తిరిగి కిందికి దిగడం తొమ్మిది సెకన్లలో కనిపించింది.

వెనక బెంచీ అమ్మాయి మాత్రం, వీడియోలో రెండుచోట్ల వేరు ఉన్నట్టుండి ఎందుకు పొడవైపోయిందని అడిగింది. అవి మేమెవరమూ బడిలో లేని రాత్రులు.

ఇన్నేళ్లుగా నల్లబల్ల మీద మొలక బొమ్మ గీస్తూనే ఉన్నాను. రాత్రి సంగతి ఏ ఒక్కరూ అడగలేదు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

సాయంత్రం బడి వదిలాక కూడా ఆ అమ్మాయి రాత్రి పెరిగిన వేరును ఊహించి పెన్సిలుతో గీస్తూ కూర్చుంది. రేపు ఆ బొమ్మలను ఫొటోల నడుమ చేర్చబోతున్నాం.