పాలారు మీద పంచాయితీ

మా కుప్పం వైపు పాలారు అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, మా దగ్గర 33 కిలోమీటర్లు మాత్రం పారి, కనకనాచియమ్మ గుడి దాటగానే తమిళనాడులో పడుతుంది. అక్కడ 222 కిలోమీటర్లు. అందుకే మేము చెక్‌డ్యామ్ గోడ మీద నాలుగు రాళ్ళు పెట్టినా వాణియంబాడిలో గొడవ మొదలవుతుంది.

గొడవకు మూలం 1892 నాటి మద్రాసు, మైసూరు ఒప్పందం. కిందివాళ్ళను అడక్కుండా పైవాళ్ళు కొత్తగా ఆనకట్టలు కట్టకూడదని. తమాషా ఏమంటే అప్పుడు మేమూ మద్రాసు వాళ్ళమే, అంటే కిందివాళ్ళం. ఇప్పుడు అదే కాగితం మాకే చూపిస్తున్నారు. 2006లో గణేశపురం డ్యామ్ మాట ఎత్తగానే తమిళనాడు సుప్రీంకోర్టుకు పోయింది.

మా మేనత్తను ఇచ్చింది అవతలే. ఫోన్ చేస్తే ముందు ఆ మాటే: "ఏం రా, గోడ ఇంకా ఎత్తు చేసినారంట గదా, మా బోరు ఎండిపోయిందనుకో, మీ ఇంటికే వచ్చేస్తా." నవ్వుతూనే అంటుంది గానీ బోరు సంగతి మాత్రం నిజం. చెక్‌డ్యామ్ నిండి గోడ మీద నీళ్ళు దూకుతున్నాయని తెలిస్తే చాలు, టీఎన్ నంబరు బండ్లన్నీ గుడి దగ్గరే ఉంటాయి. పిల్లలు నీళ్ళలో దూకుతుంటారు, తల్లులు గట్టు మీద నుంచి తిడుతుంటారు, తెలుగులో కొందరు, అరవంలో కొందరు. బజ్జీలమ్మే ఆవిడ రెండింట్లోనూ బేరమాడుతుంది, బెంగళూరు రైలెక్కి వచ్చినవాళ్ళు దొరికితే కన్నడంలో కూడా.

నన్నడిగితే గోడ కంటే ఇసుకే పెద్ద సమస్య. మా చిన్నప్పుడు ఏట్లో చేత్తో చెలమ తోడితే కాసేపటికి నీళ్ళు ఊరేవి, పైన ఎండినా లోపల ఏరు ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల ఇసుక ఎత్తేసి అడుగున గట్టి నేల తేల్చారు. ఇంక నీళ్ళు నిలిచేది ఎక్కడ? 2021 నవంబరులో అంత వరద వచ్చిందే, వేలూరు దాకా ముంచి పోయింది, మా బోర్లకు దక్కింది కొంచెమే. దీని మీద మాత్రం రెండు వైపులా ఏ నాయకుడూ గోడ మీద అరిచినట్టు అరవడు.

ఇంకోటి, ఈ గొడవలో కర్ణాటక పేరు పెద్దగా వినపడదు. ఏరు ముందు అక్కడ 93 కిలోమీటర్లు పారాలి. బేతమంగళం చెరువు నిండి అలుగు పారితే గదా మా దాకా చుక్క దిగేది. వాళ్ళను కూర్చోబెట్టకుండా మా అత్తా నేనూ ఫోన్లో ఎంత కొట్టుకుంటే ఏం లాభం.